మా ఊరాయన: ఈ మాటకు ఇంగ్లీషులో ఏం రాయాలి?

చౌరస్తా టైపింగ్ (హనుమకొండ), ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు చిన్న జిరాక్స్, టైపింగ్ షాపు ఉంది. దరఖాస్తులు, అఫిడవిట్లు, గల్ఫ్ కంపెనీలకు ఉత్తరాలు ఇంగ్లీషులో కొట్టి ఇస్తుంటాను. నిన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

హుజూరాబాద్ అవతలి నుంచి ఒకాయన వచ్చాడు. గల్ఫ్‌లో తాపీ పని, ఇప్పుడు సెలవు మీద ఇంటికొచ్చాడు. పోయిన ఏడు అక్కడ పనివాళ్లుండే క్యాంపులో ఆయన ఊరి పెద్దమనిషికి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. ఈయన తొమ్మిది రోజులు డ్యూటీకి పోకుండా మంచం పక్కనే ఉన్నాడు. కంపెనీ ఆ తొమ్మిది రోజుల జీతం కోసింది. ఎందుకు రాలేదో రాసిస్తే చూస్తామని ఇప్పుడు ఫారం పంపింది. అందులో ‘రోగితో మీ సంబంధం’ అని ఒక గడి.

నేను ‘ఫ్రెండ్’ అని కొట్టి చదివి వినిపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఫ్రెండ్ కాదు సార్. మా ఊరాయన.”

పోనీ బ్రదర్ అని పెట్టనా అన్నాను. “అన్న అనే పిలుస్త. గని పాస్‌పోర్టుల ఇంటిపేర్లు వేరే ఉన్నయి. అబద్ధం రాసినట్టయితది” అన్నాడు.

బుధవారం రమ్మన్నాను. ఆ గడిలో పట్టే మాట ఏదైనా ఉంటే చెప్పండి.

నర్సంపేట మిర్చి, ఆదివారం రాత్రి 9:52

విలేజర్ అని రాయి అన్నా. అయిపోతుంది.

బడి పంతులమ్మ (కరీంనగర్), ఆదివారం రాత్రి 10:31

తమ్ముడూ, విలేజర్ అంటే పల్లెలో ఉండే మనిషి, అంతే. ఏ పల్లె అనేది ఆ మాటలో లేదు. ‘మై విలేజర్’ అని రాస్తే చదివేవాళ్లకు అర్థమే కాదు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను, ఈ తప్పును పిల్లల నోట్లో ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు.

ఇంగ్లీషులో ఈ చుట్టరికాన్ని చూపించడానికి ముందు ‘ఫెలో’ అని పెడతారు. ఫెలో విలేజర్, ఫెలో టౌన్స్‌మన్. మన దగ్గర ‘వాడో ఫెలో’ అంటే చులకనగా వినిపిస్తుంది కానీ, ఇంకో మాటకు ముందు చేరినప్పుడు ఆ చులకన ఉండదు. అప్పుడు దాని అర్థం ‘నాతోపాటు అదే’ అని. ఫెలో ప్యాసింజర్ అంటే నాతోపాటు ప్రయాణం చేసేవాడు.

కంపేట్రియట్ అనేది ఈ గడికి పనికిరాదు, అది ఒకే దేశం వాళ్లకు. కంట్రీమన్ అన్నా ముందుగా తోచేది దేశమే. ‘నేటివ్’ అసలే వద్దు. మన ఆఫీసుల్లో నేటివ్ ప్లేస్ అని మామూలుగా రాస్తాం, అది మన దేశపు ఇంగ్లీషు. బయట ఒక మనిషిని పట్టుకొని నేటివ్ అంటే దొరల కాలపు వాసన వస్తుంది, కొందరికి బాధ కలుగుతుంది. టౌనీ అని ఒక మాట వినే ఉంటారు. కాలేజీలున్న పట్టణాల్లో, చదువుకోవడానికి వచ్చినవాళ్లు అక్కడి స్థానికులను కొంచెం తక్కువ చేసి అనే మాట అది.

జనగామ నోటరీ, సోమవారం ఉదయం 7:15

పంతులమ్మ గారూ, కోర్టు కాగితాల్లో మేము వాడే మాట ఒకటుంది: కో-విలేజర్. పోలీసు వాంగ్మూలాల్లో, తీర్పుల్లో కూడా కనిపిస్తుంది. సాక్షికీ ఫిర్యాదిదారుకీ సంబంధం ఏమిటంటే కో-విలేజర్ అని రాస్తాం. ఇన్నేళ్లలో ఏ జడ్జి గారూ తప్పు పట్టలేదు.

తోడల్లుడిని కో-బ్రదర్ అని, తోడికోడలిని కో-సిస్టర్ అని రాసుకుంటాం కదా, అదే పద్ధతి. మన ‘తోడు’ అక్కడ ‘కో’ అయింది. నాకైతే ఇది చక్కగా అతికినట్టే అనిపిస్తుంది.

బడి పంతులమ్మ, సోమవారం ఉదయం 8:05

మన కోర్టులో అతుకుతుంది నోటరీ గారూ, కాదనను. కానీ కో-బ్రదర్ అని లండన్‌లో అంటే తోడల్లుడని ఎవరికీ తెలియదు. మన దేశంలో పుట్టిన మాటకు విలువ లేదని నేననడం లేదు. ఈ కాగితం చదివేది ఎవరు అన్నదే చూసుకోవాలి.

కాజీపేట జంక్షన్ (ఇప్పుడు న్యూజెర్సీ), సోమవారం ఉదయం 8:40

అమెరికాలో దీనికి అచ్చంగా ఒక మాట ఉండేది, హోమ్‌బాయ్. దక్షిణాది పల్లెల నుంచి ఉత్తరాది నగరాలకు పనికోసం వచ్చిన నల్లజాతివాళ్లు తమ ఊరివాడిని అలా పిలుచుకునేవాళ్లు. నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ కుర్రతనంలో బోస్టన్ చేరిన కొత్తలో ఒకాయన పరిచయమయ్యాడు. మాటల్లో ఇద్దరిదీ మిషిగన్‌లోని లాన్సింగే అని తేలింది. ఇక అప్పటి నుంచి ఆయన నోట మాల్కం ‘హోమ్‌బాయ్’ అయ్యాడు. ఆ ఘట్టం చదివినప్పుడు నాకు సికింద్రాబాద్ స్టేషన్‌లో ‘మీది కాజీపేటనా!’ అని ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టే ఉంది.

కానీ ఇప్పుడు ఆ మాట మారిపోయింది. హోమ్‌బాయ్, హోమీ అంటే దగ్గరి దోస్తు, కొన్నిచోట్ల గ్యాంగువాడు. కంపెనీ ఉత్తరంలో పెట్టకండి.

ఇంకోటి, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులది: లాండ్స్‌మన్. యిద్దిష్ మాట, ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. ఒకే పట్టణం నుంచి న్యూయార్క్ వచ్చినవాళ్లంతా కలిసి ఊరి పేరు మీద సంఘాలు పెట్టుకున్నారు. కొత్తగా దిగినవాడికి పని చూపించడం, జబ్బు చేస్తే ఖర్చు పెట్టుకోవడం, పోతే శ్మశానంలో జాగా, అన్నీ ఆ సంఘమే చూసేది. మీ షాపుకు వచ్చినాయన క్యాంపులో చేసింది అదే పని కదా. ఇక్కడ సంఘం లేదు, ఒక్క మనిషే.

భీవండి మగ్గం, సోమవారం మధ్యాహ్నం 1:20

మా తాత సిరిసిల్ల నుంచి బొంబాయి దగ్గరి భీవండికి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడపడానికి పోయాడు. నేను పుట్టింది అక్కడే. ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అని మన ఉత్తర తెలంగాణ బతుకుల గురించి అంటారు కదా, మాది అందులో మొదటిది.

మాకు ఇంగ్లీషుతో పని పడలేదు. కానీ ఒక సంగతి చెప్పాలి. భీవండిలో మా నాయనకు ‘మా ఊరోళ్లు’ అంటే సిరిసిల్ల ఒక్కటే కాదు. కరీంనగర్ అయినా, వరంగల్ అయినా, సోలాపూర్ నుంచి వచ్చిన పద్మశాలీ అయినా మా ఊరోడే. సిరిసిల్లకు వస్తే మాత్రం మా ఊరంటే మా గల్లీ దాకానే. దూరం పోయినకొద్దీ ఊరు పెద్దగవుతుంది. ఇంగ్లీషు విలేజ్‌కు ఆ సాగే గుణం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మట్వాడ పాతబస్తీ, సోమవారం రాత్రి 8:10

ఉర్దూలో ఉంది భాయ్. హమ్‌వతన్. వతన్ అంటే పుట్టిన నేల, ‘హమ్’ అంటే ఒకే, తోడు. దేశానికీ వాడతారు, మా అబ్బాజాన్ మాత్రం వరంగల్ మనిషి కనిపిస్తే చాలు హమ్‌వతన్ అనేవారు. ఫారసీలో ఇంకా సూటిగా హమ్‌షహ్రీ అంటారు. షహర్ అంటే పట్నం. తుర్కీ వాళ్లు దాన్నే తీసుకొని హెమ్‌షెహ్రి అన్నారు. ఇస్తాంబుల్‌లో ఊరివాళ్ల సంఘాలకు ఆ మాటే వాడతారు.

మన దగ్గరైతే ముల్కీ అనే మాట మరిచిపోకూడదు. ముల్క్ అంటే దేశం, రాజ్యం. 1919లో నిజాం సర్కారు నౌకరీలు ముల్కీలకే, అంటే ఇక్కడివాళ్లకే, అని నియమం పెట్టింది. 1952లో బయటి నుంచి వచ్చిన గైర్ ముల్కీల మీద ఉద్యమం లేచింది మన వరంగల్‌లోనే, విద్యార్థులతోనే. ఈ గడ్డవాడా కాదా అన్న ఒక్క మాట మీద ఉద్యోగాలు నడిచాయి, గొడవలు నడిచాయి. కాబట్టి ‘మా ఊరాయన’ అనేది చిన్న మాటేమీ కాదు, మీ షాపుకు వచ్చినాయన పట్టుబట్టడం నాకు న్యాయంగానే తోచింది.

లక్నవరం, సోమవారం రాత్రి 8:44

ఊరు సాగుతుందన్న మాట నిజం, కుంచించుకుపోతుంది కూడా. నేను ములుగు. 2016 దాకా ఎవరడిగినా వరంగల్ జిల్లా అనేవాణ్ని. 2016లో భూపాలపల్లి జిల్లా అయ్యాను, 2019లో ములుగు జిల్లా. నా హాస్టల్ రూమ్మేట్ది మహబూబాబాద్. కాలేజీలో ‘మా జిల్లా వాడు’ అని కలిసిన మనిషి. ఇప్పుడు ఫారాల్లో ఇద్దరివీ వేరే వేరే జిల్లాలు. మేమేమో ఇంకా మా జిల్లా అనే అనుకుంటున్నాం.

కాజీపేట జంక్షన్, సోమవారం రాత్రి 9:30

ఇక్కడ వరంగలైట్ అని రాసుకుంటాం. ఇంగ్లీషులో ఊరి పేరుకు తోక తగిలించి మనిషిని పిలవడం మామూలే. లండన్ వాడు లండనర్, మాంచెస్టర్ వాడు మాంకూనియన్, గ్లాస్గో వాడు గ్లాస్వీజియన్, లివర్‌పూల్ వాడు లివర్‌పడ్లియన్. వాళ్ల పెద్ద పట్టణాలకు కుదిరినంత అందంగా మన పల్లెలకు కుదరదు. హుజూరాబాద్ అవతలి ఊరికి ఏ తోక తగిలిస్తాం?

ఇంకో చిక్కు కూడా చూశాను. ఆర్ఈసీలో చదివినవాళ్లు, అంటే ఇప్పటి ఎన్ఐటీ, ‘ఐయామ్ ఫ్రమ్ వరంగల్’ అంటారు. 1959లో పెట్టిన కాలేజీ, దేశం నలుమూలల నుంచి వచ్చి చదివారు. ఒక పంజాబీ పెద్దాయన నాతో అలా అంటే సంబరపడి ‘ఏ ఏరియా సార్?’ అని అడిగాను. ఆయనకు తెలిసింది హాస్టలూ, కాజీపేట స్టేషనూ. అయినా ఆ నాలుగేళ్ల గురించి ఆయన కళ్లు మెరుస్తూ చెబుతుంటే, మా ఊరాయన కాదని అనలేకపోయాను.

మంథని కోడలు, మంగళవారం ఉదయం 6:50

ఇప్పటిదాకా అందరూ మగవాళ్ల మాటే చెప్పారు. బాయ్, మన్, ఆయన. ఆడవాళ్లకు ఊరు ఇంకో రకంగా ఉంటుంది, అది కూడా వినండి.

నేను పుట్టింది పెద్దపల్లి దగ్గర, నన్ను ఇచ్చింది మంథనికి. పెళ్లయిన కొత్తలో ఒకరోజు అంగడికి పోయాను. కూరగాయలమ్మే పెద్దమ్మ “తల్లిగారిది ఏ ఊరు బిడ్డా?” అని అడిగింది. చెప్పాను. ఆమె చేతిలో తక్కెడ ఆగిపోయింది. ఆమెదీ అదే ఊరు. నలభై ఏళ్ల కింద ఇక్కడికి కోడలిగా వచ్చిందట. మా నాయన పేరు అడిగింది, మా బావి గురించి అడిగింది. “మా ఊరి ఆడిబిడ్డవు” అని టమాటల పైసలు తీసుకోలేదు. మా కులాలు వేరు. ఆ రోజు దాకా ఆమె ఎవరో నాకు తెలియదు. మొదటి కాన్పుకు మా అమ్మ వచ్చేసరికి తెల్లారింది, అప్పటిదాకా రాత్రంతా నా దగ్గర కూర్చున్నది ఆమే.

ఇప్పుడు పంతులమ్మ గారూ, మేమిద్దరం ఫెలో విలేజర్సా? ఇద్దరం ఉండేది మంథనిలోనే కాబట్టి, మంథని వాళ్లందరూ మాకు ఫెలోలే. కానీ ఆమె నాకు మంథని ఆమె కాదు, మా తల్లిగారూరామె. టౌన్స్‌వుమన్ అంటే పట్నంలో ఉండే ఆడమనిషి అనే కదా వచ్చేది? ఎక్కడ పుట్టి ఎక్కడికి వచ్చామో ఆ మాటలో లేదు.

బడి పంతులమ్మ, మంగళవారం ఉదయం 9:25

అమ్మా, మీ ప్రశ్న రాత్రి వచ్చుంటే నిద్ర పట్టేది కాదు. మీరన్నది నిజం. ఫెలో విలేజర్ అంటే ఉండే ఊరు ఒకటే అని తెలుస్తుంది, అంతే. తల్లిగారూరు, అత్తగారూరు అని రెండు ఊళ్లు మోసే ఆడవాళ్ల సంగతి ఆ మాటకు తెలియదు. హోమ్‌టౌన్ అంటే పుట్టి పెరిగిన ఊరని వస్తుంది కానీ, తల్లిగారూరులో ఉన్న తల్లి అందులో లేదు. మీ ఇద్దరి గురించి నేను ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ఒక పేరులో ఇరికించను. ‘ఫ్రమ్’ పెట్టి వాక్యంగా రాస్తాను. ఆమెదీ మాదీ ఒకే ఊరు, ఇద్దరం ఇక్కడికి కోడళ్లుగా వచ్చాం అని. ఇంగ్లీషు బలం ఆ ‘ఫ్రమ్’లో ఉంది.

ఇంకో సంగతి మీ పోస్టు చదువుతుంటే తట్టింది. ఆ పెద్దమ్మ మీతో ‘మన ఊరు’ అని ఉంటుంది. మీ అత్తగారితో చెప్పినప్పుడు ‘మా ఊరి పిల్ల’ అని ఉంటుంది. వినేవాళ్లను కలుపుకుంటే మన, కలుపుకోకపోతే మా. తెలుగులో ఈ రెండూ చిన్నపిల్లలు కూడా తప్పు పోకుండా వాడతారు. ఇంగ్లీషులో రెండింటికీ ‘అవర్’ ఒక్కటే. టైపింగ్ తమ్ముడూ, మీ షాపుకు వచ్చినాయన ఆ జబ్బుపడ్డ పెద్దమనిషి దగ్గర కూర్చున్నప్పుడు ‘మన ఊరు’ అనే మాట్లాడి ఉంటాడు. కంపెనీకి వచ్చేసరికి ‘మా ఊరాయన’ అనాల్సి వచ్చింది. ఆ తేడా ఇంగ్లీషు ఫారానికి తెలియదు.

నర్సంపేట మిర్చి, మంగళవారం మధ్యాహ్నం 12:10

ఇది చదివాక నా మొదటి జవాబు వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. నైబర్ అని రాస్తే?

బడి పంతులమ్మ, మంగళవారం మధ్యాహ్నం 12:48

నైబర్ పాత ఇంగ్లీషులో ‘దగ్గర కాపురముండే రైతు’ అనే అర్థంతో పుట్టిన మాట. మంచి మాటే. కానీ క్యాంపులో పక్క మంచం వాడు కూడా నైబరే అవుతాడు.

లక్నవరం, మంగళవారం మధ్యాహ్నం 2:30

నర్సంపేట అన్న మాట కలిసింది కాబట్టి అడుగుతున్నాను. పీవీ గారు మీ వాళ్లా, వంగర వాళ్లా?

నర్సంపేట మిర్చి, మంగళవారం మధ్యాహ్నం 2:41

1921లో పుట్టింది మా లక్నేపల్లిలో. దత్తత పోయి పెరిగింది వంగరలో. మేము మా ఊరాయన అంటాం, వాళ్లూ మా ఊరాయన అంటారు. ఇందులో తగాదా లేదు, రెండూ నిజమే. కాళోజీ గారు పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో, పెరిగింది మడికొండలో. ఆయనకంటే వరంగల్ మనిషి ఇంకెవరు?

దమ్మామ్ రిటర్న్ (జగిత్యాల), మంగళవారం రాత్రి 10:15

పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చాను, అసలు సంగతి నేను చెబుతాను. ఆ కాగితం చదివేది ఇంగ్లీషు దొర కాకపోవచ్చు. మా ఆఫీసులో కాగితాలు చూసింది ఒక మలయాళీ, ఒక ఫిలిప్పీనో.

మలయాళీని తీసుకోండి. వాళ్లకు నాట్టుకారన్ అనే మాట ఉంది, తన నాడు వాడు అని. ఆ మాట అంటే చాలు, సగం పని అయిపోతుంది. ఫిలిప్పీన్స్ వాళ్లు ఒకరినొకరు కబాయన్ అని పిలుచుకుంటారు. అసలు మాట కబబాయన్. బాయన్ అంటే వాళ్లకు ఊరూ, దేశమూ రెండూ. క్యాంటీన్‌లో, బస్సులో ఎక్కడ చూసినా కబాయన్, కబాయన్. మేము కూడా వాళ్లను అలాగే పిలిచేవాళ్లం. పాపం మనకే ఇంగ్లీషులోకి ఎక్కిన మాట లేదు. కాబట్టి మీరు ఫెలో విలేజర్ అని పెట్టండి, వాళ్లకు బరాబర్ అర్థమవుతుంది. ఫారంలో గడి చిన్నది, అక్కడ అంతకంటే ఎక్కువ పట్టదు.

కానీ కింద ఉత్తరం రాస్తారు కదా, అక్కడ ఒక సంగతి తప్పకుండా రాయాలి. ఆ క్యాంపులో వాళ్ల ఊరివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? అది అడగండి. ఉంటే కంపెనీ ‘నువ్వే ఎందుకు, వంతులేసుకోవచ్చు కదా’ అంటుంది. లేకపోతే ఆ ఒక్క వాక్యమే ఉత్తరానికి ప్రాణం. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టర్ అరబ్బీలో ఏదో చెబితే నాకు తెలుగులో చెప్పినవాడు మా పక్క ఊరి పిల్లగాడు. వాడు లేకుంటే నాకు ఏ ఆపరేషన్ చేస్తున్నారో కూడా తెలిసేది కాదు. మంచం పక్కన ఉండడమంటే ఊరికే కూర్చోవడం కాదని కంపెనీకి అర్థం కావాలి.

జనగామ నోటరీ, బుధవారం ఉదయం 7:00

దమ్మామ్ అన్న చెప్పిందే సరి. నా కో-విలేజర్‌ను కోర్టులోనే ఉంచుకుంటాను. ఉత్తరం చివర ఊరు, మండలం, జిల్లా ఇద్దరికీ ఒకటే అని పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి. జిల్లాలు మారకముందు తీసిన పాస్‌పోర్టు అయితే ఒకరిది కరీంనగర్ అని, ఇంకొకరిది వేరేగా ఉండొచ్చు, చూసుకోండి.

చౌరస్తా టైపింగ్, బుధవారం రాత్రి 8:55

ఆయన పొద్దున పదిన్నరకు వచ్చాడు. నోటరీ గారు చెప్పినట్టే అయింది, పెద్దాయన పాస్‌పోర్టు పాతది. అందులో కరీంనగర్ అని ఉంది, ఇప్పటి జిల్లా పేరు వేరు. ఊరి పేరు ఒకటే అని కింద ఒక వరుస కలిపాను.

గడిలో ఫెలో విలేజర్ అని పెట్టాను. అర్థం చెబితే “సరే” అన్నాడు, మరీ సంతోషంగా మాత్రం కాదు. తర్వాత దమ్మామ్ అన్న అడగమన్నది అడిగాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. “క్యాంపుల నాలుగు వందల మందిమి ఉన్నం సార్. మా ఊరోళ్లం ఇద్దరమే. ఆయనకు తెలుగు తప్ప ఏ బాస రాదు. నోరు వంకర పోయినంక ఆ తెలుగు గుడ నాకే సమజయితుండె” అన్నాడు.

అదే రాశాను. పంతులమ్మ గారు చెప్పినట్టు ‘ఫ్రమ్’ పెట్టి వాక్యాలు చేశాను. వీ ఆర్ ఫ్రమ్ ద సేమ్ విలేజ్. దేర్ వాజ్ నో వన్ ఎల్స్ ఫ్రమ్ అవర్ విలేజ్ ఇన్ ద క్యాంప్. ఐ వాజ్ ద ఓన్లీ పర్సన్ హూ కుడ్ అండర్‌స్టాండ్ హిజ్ స్పీచ్. తెలుగులో చెప్పమంటే రెండుసార్లు చెప్పాను. ‘హి ఈజ్ లైక్ మై ఎల్డర్ బ్రదర్’ అని ఒకటి పెడదామా అంటే, ‘లైక్’ అంటే ఏమిటో అడిగి తెలుసుకొని, పెట్టమన్నాడు.

సంతకం చేశాక స్కాన్ చేసి కంపెనీకి మెయిల్ పంపాను. డబ్బులిచ్చి మెట్లు దిగినవాడు మళ్లీ ఎక్కి వచ్చాడు.

“ఇంకో జిరాక్స్ తీయి సార్. మా ఊరాయనకు చూపిస్త.”